భీమిలిలో బస, ఒక్క రోజులో మూడు లైట్‌హౌస్‌లు: సమగ్ర మార్గదర్శి

"ఒక్క రోజులో ఎన్ని లైట్‌హౌస్‌లు చూడొచ్చు? పైకి ఎక్కనిస్తారా? ఏది ముందు, ఏది తర్వాత?" ఉత్తరాంధ్ర తీరానికి రావాలనుకునేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలివి. సూటిగా చెప్తాను. మూడు చూడొచ్చు. వాటిలో ఒక్కటి ఎక్కగలిగినా చాలు. దూరంలో ఉన్నదానికి ముందు వెళ్లాలి, బసకు దగ్గర్లో ఉన్నది సాయంత్రానికి పెట్టుకోవాలి. రోజు మొత్తాన్ని సాయంత్రం దీపం వెలిగే వేళ నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి.

ఆ చివరి మాటే ముఖ్యం. చాలామంది పగలు వెళ్లి, స్తంభం ముందు ఫొటో దిగి, చీకటి పడకముందే కారెక్కేస్తారు. లైట్‌హౌస్ పని మొదలయ్యేదే చీకటి పడ్డాక. వెలిగే దీపాన్ని చూడకుండా వచ్చేస్తే చూసింది సున్నం కొట్టిన స్తంభాన్నే. కింద చెప్పిన క్రమమంతా ఆ ఒక్క గంటను కాపాడుకోవడానికే.

## 1. ఏ మూడు?

భీమిలి (పూర్తి పేరు భీమునిపట్నం): ఊళ్లోనే, బీచ్ దగ్గరే ఉంది. చిన్నది. బయటి నుంచి చూస్తే చాలు. బస ఇక్కడే కాబట్టి పొద్దున్నే నడిచి వెళ్లొచ్చేయొచ్చు.

కళింగపట్నం: శ్రీకాకుళం జిల్లా గార మండలంలో, వంశధార సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లో ఉంది. భీమిలి నుంచి తగరపువలస, శ్రీకాకుళం మీదుగా సుమారు 110 కిలోమీటర్లు. ఈ రోజులో దూరపు మజిలీ ఇదే.

చింతపల్లి: విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలో ఉంది. పాత పటాల్లో 'సంతపిల్లి' అని కనిపిస్తుంది. అల్లూరి జిల్లా మన్యంలో ఉన్న చింతపల్లి వేరు, ఇది వేరు. ఇక్కడ తీరానికి కొంత దూరంలో సముద్రంలో రాతి గుట్టలున్నాయి. భీమిలి రేవుకు వచ్చే ఓడలు వాటికి తగలకుండా 1847లోనే ఇక్కడ దీపం పెట్టారు. అంటే మీరు బస చేసే ఊరి కోసం వెలిగిన దీపం ఇది. సాయంత్రాన్ని దీనికే కేటాయించమనడానికి అదొక కారణం. ఇంకో కారణం, ఇక్కడి నుంచి భీమిలికి రాత్రి గంటా గంటంబావులో చేరిపోవచ్చు.

విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీదున్న లైట్‌హౌస్‌ను ఈ రోజులో కలపకండి. అది నేవీ ఆధీనంలోని ప్రాంతం. చెకింగ్ ఉంటుంది, వేళలు వేరు, నగరం ట్రాఫిక్ దాటాలి. దానికి విడిగా ఒక మధ్యాహ్నం పెట్టుకోండి. సోంపేట దగ్గరి బారువ కూడా అంతే. శ్రీకాకుళం దాటాక ఇంకా వంద కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. దాన్ని చూడాలంటే ఆ వైపే రాత్రి ఉండటం మేలు.

## 2. నెల, రోజు ఎంచుకోవడం

డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఉక్క ఉండదు, గాలి మరీ విసురుగా ఉండదు. డిసెంబరులో ఇక్కడ సూర్యాస్తమయం దాదాపు 5.25కే. దీపం త్వరగా వెలుగుతుంది, మీరూ త్వరగా బసకు చేరతారు. జూన్‌లో అదే 6.35 దాకా సాగుతుంది, చింతపల్లి నుంచి తిరిగొచ్చేసరికి బాగా రాత్రవుతుంది.

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాను కొట్టాయి. ఈ నెలల్లో వచ్చేట్టయితే బస బుక్ చేసేటప్పుడే డబ్బు వాపసు సంగతి అడిగి పెట్టుకోండి. "కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం ఓడరేవుల్లో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు" అని వార్తల్లో వినబడితే, నంబరు ఎంతైనా సరే ప్రయాణం వాయిదా వేయండి. మీరు వెళ్లేది సరిగ్గా ఆ తీరానికే.

రోజు ఎంచుకునేటప్పుడు ఇవి చూసుకోండి:

- కార్తీకమాసం ఆదివారాలు వద్దు. వనభోజనాల జనంతో బీచ్ రోడ్డు నిండిపోతుంది.
- అమావాస్యకు రెండు మూడు రోజులు అటూ ఇటూ మంచిది. వెన్నెల లేకపోతే దీపం బాగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో పోటు మాత్రం ఎక్కువ. కారు ఇసుకలో పెట్టకండి.
- ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపల కోసమే సముద్రం పక్కన బస చూసుకునేవాళ్లు ఈ రెండు నెలలూ మానుకోండి.
- సెప్టెంబరు 21 భారత లైట్‌హౌస్ దినోత్సవం. ఆ రోజు కొన్ని చోట్ల కార్యక్రమాలు ఉంటాయి. వాన పడే అవకాశాన్ని లెక్కలో పెట్టుకునే రండి.

## 3. బస: ఫోన్‌లో అడగాల్సినవి

'సీ వ్యూ' అన్న మాటను నమ్మి బుక్ చేయకండి. మెడ తిప్పి, రెండు మేడల సందులోంచి చూస్తే కనబడే నీళ్లకు కూడా ఆ పేరే పెడతారు. ఫోన్ చేసి నేరుగా అడగండి. హోటల్ పెద్దదా చిన్నదా అన్నది ఈ రోజుకు పెద్దగా లెక్కలోకి రాదు. పొద్దున్నే గేటు తీసే మనిషి, రాత్రి అన్నం పెట్టే మనిషి ఉన్నారా అన్నదే లెక్క.

- గది కిటికీ ఏ వైపు? తూర్పా, దక్షిణమా? మధ్యలో రోడ్డు ఉందా?
- మేడ మీదికి రాత్రి వెళ్లనిస్తారా? అక్కడి లైటు కాసేపు ఆర్పుతారా?
- పొద్దున్న ఐదున్నరకు గేటు తీస్తారా? టీ అయినా దొరుకుతుందా?
- రాత్రి ఎనిమిదికి చేరితే భోజనం ఉంటుందా?
- కరెంటు పోతే జనరేటర్ ఉందా? దోమతెర ఉందా?
- కారు లోపల పెట్టుకోవచ్చా?

రాత్రి భోజనం పొద్దున్నే చెప్పి వెళ్లడం మంచి పద్ధతి. "అన్నా, రాత్రి ఎనిమిదికి వస్తాం, నలుగురం. వంజరం దొరికితే పులుసు పెట్టించండి, దొరక్కపోతే కానాగంతలు వేయించినా సరే" అని ఒక్క మాట చెప్తే చాలు, వంటాయన బోట్లు వచ్చే వేళకు ఒడ్డుకు వెళ్లి తెస్తాడు. చెప్పకుండా వెళ్తే రాత్రికి మిగిలేది ఎగ్ ఫ్రైడ్ రైసే.

రెండు రాత్రులు బుక్ చేయండి: ముందు రోజు రాత్రి, తిరిగే రోజు రాత్రి. అదే రోజు గది ఖాళీ చేసి సామానుతో తిరగాలనుకుంటే దీపం వెలిగే వేళకు మనసంతా ఇంటి దారి మీదే ఉంటుంది.

## 4. అనుమతి: వారం ముందు మొదలుపెట్టండి

మన దేశంలో లైట్‌హౌస్‌లను చూసేది కేంద్ర ప్రభుత్వ లైట్‌హౌస్‌లు, లైట్‌షిప్‌ల డైరెక్టరేట్ జనరల్. దాని ప్రాంతీయ కార్యాలయం విశాఖలోనే ఉంది. చాలా లైట్‌హౌస్‌లలో సందర్శకులను రోజులో కొద్ది గంటలే, చిన్న టికెట్ మీద పైకి పంపుతారు. ఆ వేళలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. మరమ్మతులో, పెయింటింగో జరుగుతుంటే అసలే పంపరు.

అందుకే ఈ వరసలో చేయండి:

1. వారం ముందు పని దినాన ప్రాంతీయ కార్యాలయానికి ఫోన్ చేసి, కళింగపట్నం, చింతపల్లి రెండింటి వేళలూ, సెలవు రోజూ అడగండి.
2. ఎంతమంది వస్తున్నారో, పిల్లల వయసులెంతో చెప్పండి. చిన్న పిల్లల్ని పైకి పంపాలా వద్దా అన్నది సిబ్బంది నిర్ణయం.
3. ముందు రోజు మరోసారి ఫోన్ చేయండి. ఈ రెండో ఫోన్ చాలామంది మానేస్తారు. రోజంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.
4. అసలు గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. ఫోన్‌లో ఫొటో చాలదు.

అమెరికా నుంచో, బ్రిటన్ నుంచో వచ్చినవాళ్లు మీతో ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ పాస్‌పోర్టు సంగతి మొదటి ఫోన్‌లోనే చెప్పండి. గేటు దగ్గర తేల్చుకునే విషయం కాదది.

డ్రోన్ ఇంట్లో వదిలేయండి. విశాఖలో నేవీ, దారిలో భోగాపురం విమానాశ్రయం. సరదాగా ఎగరేసే తీరం కాదిది.

## 5. ముందు రోజు రాత్రి సర్దుకోవాల్సినవి

- మడమకు పట్టీ ఉన్న చెప్పులు లేదా బూట్లు. హవాయి చెప్పులతో ఇనుప నిచ్చెన ఎక్కకండి.
- చుడీదార్, ప్యాంటు లాంటివి. చీర కుచ్చిళ్లు, పంచె అంచులు నిచ్చెన మెట్లకు తగులుకుంటాయి.
- గడ్డం కింద కట్టుకునే తాడున్న టోపీ. పైన గాలికి మామూలు టోపీ నిలవదు.
- ఫోన్‌కు మెడలో వేసుకునే తాడు.
- కళ్లద్దాలు, కెమెరా తుడుచుకోవడానికి మెత్తని పొడి గుడ్డ, చిన్న సీసాలో మంచినీళ్లు. ఉప్పు తుంపరను పొడిగా రుద్దితే అద్దం మీద గీతలు పడతాయి.
- మనిషికి రెండు లీటర్ల నీళ్లు, మజ్జిగ లేదా ఓఆర్‌ఎస్.
- బైనాక్యులర్ ఉంటే తప్పకుండా.
- చిన్న టార్చి, కాగితం, పెన్ను.
- పది, ఇరవై రూపాయల చిల్లర. తీరంలో సిగ్నల్ లేక యూపీఐ ఆగిపోతుంటుంది.
- కారులో ఫాస్టాగ్ డబ్బులు, నిండిన పెట్రోలు ట్యాంకు.

## 6. రోజు నడిచే క్రమం

ఇవి డిసెంబరు, జనవరి వేళలు. మిగతా నెలల్లో సూర్యాస్తమయం ఎంత ఆలస్యమైతే చింతపల్లి ఘట్టాన్ని అంత ఆలస్యంగా పెట్టుకోండి.

6.1 పొద్దున్న 5.45, భీమిలి. నడిచే బీచ్‌కు వెళ్లండి. ఇంకా చీకటిగా ఉండగానే లైట్‌హౌస్ దగ్గరికి చేరి, సూర్యోదయం దాకా అక్కడే ఉండండి. ఫైబర్ బోట్లు ఒడ్డుకు వచ్చే వేళ కూడా అదే. బోటును ఇసుక మీదికి లాగుతున్నప్పుడు దారికి అడ్డం నిలబడకండి. వలలోంచి చేపలు విడదీసే ఆడవాళ్లను ఫొటో తీయాలంటే అడిగి తీయండి. మీ రాత్రి పులుసు చేప ధర కూడా అక్కడే తెలిసిపోతుంది.

6.2 ఉదయం 6.45, బయల్దేరడం. తగరపువలస దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కండి. భోగాపురం, పూసపాటిరేగ, రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా శ్రీకాకుళం. పూసపాటిరేగ దగ్గర "ఎలాగూ దారిలోనే ఉంది కదా, చింతపల్లి ముందే చూసేద్దాం" అనిపిస్తుంది. ఆగకండి. ఇక్కడే చాలామంది ప్లాను చెడగొట్టుకుంటారు. పొద్దున్న చింతపల్లి చూసేస్తే సాయంత్రం దీపం వేళకు కళింగపట్నంలో ఉంటారు, ఆపైన చీకట్లో 110 కిలోమీటర్లు రావాలి.

టిఫిన్ రహదారి పక్కన పది నిమిషాల్లో తేల్చండి. ఇడ్లీ కట్టించుకుని వెళ్తే ఇంకా మేలు.

6.3 ఉదయం 9.30, కళింగపట్నం. గేటు తెరిచే వేళ ముందే తెలుసు కాబట్టి దాని ప్రకారం కదలండి. తెరిచి ఉంటే ముందు ఎక్కేయండి, బీచ్ తర్వాత. ఇంకా తెరవకపోతే ముందు బీచ్‌కు వెళ్లి, స్తంభాన్ని సముద్రం వైపు నుంచి చూడండి. ఓడలో వచ్చేవాడికి కనిపించేది ఆ వైపే.

వంశధార మొగ దగ్గర నీళ్లలోకి దిగకండి. నది తోపు, సముద్రపు అల ఒకేచోట కలుస్తాయి. పైకి ప్రశాంతంగా ఉన్నా కాళ్ల కింద ఇసుక జారిపోతుంది. పిల్లల్ని చెయ్యి పట్టుకునే ఉంచండి.

6.4 మధ్యాహ్నం 11.45, వెనక్కి. గుడి చూడాలనుకుంటే శ్రీకూర్మం ఒక్కటే కలపండి. మధ్యాహ్నం తలుపులు మూసేలోపు చేరాలి కాబట్టి అరగంట ముందే లేవాలి. అరసవల్లి గుడి, శాలిహుండం బౌద్ధ స్తూపాలు కూడా అంటే సాయంత్రం చేజారుతుంది.

భోజనం శ్రీకాకుళంలో చేయండి. శుభ్రమైన మరుగుదొడ్డి కూడా ఇక్కడే చూసుకోండి. చింతపల్లిలో రాత్రి దాకా ఉండాలి, అక్కడ ఆ సౌకర్యం దొరుకుతుందని నమ్ముకోవద్దు. ముఖ్యంగా ఆడవాళ్లకు ఈ మాట చెప్పి ఉంచండి.

6.5 మధ్యాహ్నం 3.15, చింతపల్లి. రహదారి దిగాక పల్లె రోడ్డు. వడ్ల బస్తాలో, పశువులో అడ్డం ఉండొచ్చు, పావుగంట ఎక్కువ వేసుకోండి. చేరగానే టికెట్, ఎక్కడం. దిగి వచ్చాక బీచ్ మీద కూర్చుని కొబ్బరిబొండాం తాగే తీరిక ఉంటుంది. మీరు చూడబోయేది ఇంకా ముందుంది.

6.6 సాయంత్రం 5.15 నుంచి 6.15, దీపం. దీన్ని ఎనిమిదో భాగంలో వివరంగా చెప్పాను.

6.7 రాత్రి 7.30, భీమిలి. రహదారి ఎక్కేదాకా నెమ్మదిగా రండి. ఆ పల్లె రోడ్డు మీద లైట్లు లేని సైకిళ్లు, ఎడ్లబళ్లు ఉంటాయి.

## 7. ఎక్కేటప్పుడు

లోపల మెట్లు గుండ్రంగా మలుపు తిరుగుతూ పైకి పోతాయి. తొందరపడి ఎక్కితే కళ్లు తిరుగుతాయి. గోడ వైపు, అంటే మెట్టు వెడల్పుగా ఉన్న వైపు అడుగేయండి. మధ్యలో కిటికీ ఉన్న చోటల్లా ఒక్క నిమిషం ఆగండి.

మెట్లు అయ్యాక చాలాచోట్ల నిలువుగా ఇనుప నిచ్చెన ఉంటుంది. కష్టమంతా అక్కడే. బ్యాగు కిందే వదిలేయండి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కూడా ముఖం నిచ్చెన వైపే. నిచ్చెన మీద ఒకసారి ఒక్కరే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు నిచ్చెన మొదలు దాకా వచ్చి ఆగిపోవచ్చు. కింద ఒకరు తోడుండాలి.

పైన దీపం గదిలో కటకాన్ని చేత్తో తాకకండి. అద్దపు పట్టకాలను వలయాలుగా పేర్చి, చిన్న దీపం వెలుగును ఒకే దిక్కుకు మళ్లించే అమరిక అది. ఫ్రెనెల్ కటకం అంటారు. దగ్గరికి వంగి చూస్తే ఒక్కో పట్టకం అంచున సన్నటి ఇంద్రధనుస్సు గీత కనబడుతుంది. వేలిముద్ర పడితే వెలుగు అక్కడ చెదురుతుంది, సిబ్బంది మళ్లీ తుడుచుకోవాలి.

పగటి పూట ఆ గదికి తెరలు వేసి ఉంటే తీయమని అడగొద్దు. వెలుగును బయటికి పంపే కటకమే ఎండను లోపలికి కూడా కేంద్రీకరిస్తుంది. తెర లేకపోతే ఆ వేడికి లోపలి సామాను కాలిపోతుంది.

బయటి వరండాలో ఒక చెయ్యి ఎప్పుడూ కమ్మీ మీద ఉండాలి. అక్కడ నిలబడి ఒక లెక్క వేయండి. మీ కళ్లు సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉన్నాయో సిబ్బందిని అడిగి, ఆ సంఖ్య వర్గమూలాన్ని 3.57తో గుణించండి. మీకు కనిపించే దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరమో వస్తుంది. 25 మీటర్లయితే సుమారు 18 కిలోమీటర్లు. కింద ఇసుకలో నిలబడితే నాలుగున్నరే. స్తంభం ఎందుకంత ఎత్తు కట్టారో పిల్లలకు ఈ ఒక్క లెక్కతో అర్థమైపోతుంది.

సిబ్బందితో మాట్లాడండి. "సార్, దీపం ఎన్నిసార్లు మెరుస్తుంది, ఎన్ని సెకన్లకోసారి?" అని అడిగి, జవాబు కాగితం మీద రాసుకుని, మడిచి జేబులో పెట్టండి. చీకటి పడేదాకా తీయొద్దు.

## 8. దీపం వేళ: ఏం చేయాలి, ఎలా లెక్కపెట్టాలి

ప్రతి లైట్‌హౌస్‌కూ తనదైన మెరుపుల వరస ఉంటుంది. పక్కపక్క లైట్‌హౌస్‌లకు ఒకే వరస ఇవ్వరు. రాత్రి ఓడ నడిపే మనిషి ఆ వరస చూసి తాను ఏ ఊరి దగ్గరున్నాడో తేల్చుకుంటాడు. మన దేశపు దీపాల వరసలన్నీ ఉండే పట్టికను డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు ప్రచురిస్తుంది. పగలు అదే పని స్తంభం మీది రంగు పట్టీలు చేస్తాయి.

ఇప్పుడు మీరూ ఓడవాడి పని చేయండి.

1. చోటు చూసుకోండి. స్తంభం కిందే నిలబడితే దీపం సరిగ్గా కనబడదు. వెలుగు మీ తల మీదుగా సముద్రానికి పోతుంది. బీచ్ వెంట నాలుగైదు వందల మీటర్లు దూరం నడిచి, వీధి దీపాలకు వీపు పెట్టి కూర్చోండి. వెలుతురు ఉండగానే చోటు చూసుకుంటే మేకులు, తాళ్లు, లంగర్లు కాళ్లకు తగలవు.

2. ఫోన్ స్క్రీన్ వెలుగు బాగా తగ్గించండి. చీకటికి కళ్లు అలవాటుపడటానికి ఇరవై నిమిషాలన్నా కావాలి. ఒక్కసారి టార్చి వేస్తే మళ్లీ మొదటికే.

3. సూర్యాస్తమయం తర్వాత చూపు తిప్పకండి. మొదటి మెరుపు పాలిపోయినట్టుంటుంది. ఆకాశం ఇంకా తెల్లగా ఉంటుంది కాబట్టి "వెలిగిందా, లేదా?" అనిపిస్తుంది. ఒక్కో మెరుపుకూ చుట్టూ నీలం ముదురుతున్న కొద్దీ దీపం పసిమి తేలుతుంది. ఆ పదిహేను నిమిషాల కోసమే ఇంత దూరం రమ్మన్నది.

4. ముందు లెక్క, తర్వాత సమయం. రెండు మూడు వరసలు ఊరికే చూడండి. మెరుపులు ఒక్కొక్కటిగా వస్తున్నాయా, జంటగానా, మూడేసా? ఆ తర్వాత పెద్ద విరామం ఎక్కడ?

5. స్టాప్‌వాచ్. విరామం తర్వాత వచ్చే మొదటి మెరుపుకు మొదలుపెట్టి, మళ్లీ అదే స్థానంలోని మెరుపుకు ఆపండి. ఉదాహరణకు జంట మెరుపులైతే జంటలో మొదటిదాని నుంచి తర్వాతి జంటలో మొదటిదాని దాకా. చీకట్లో వేలు కాస్త ఆలస్యమవుతుంది కాబట్టి ఒక్క వరసకు కాకుండా ఐదు వరసలకు కలిపి సమయం తీసి ఐదుతో భాగించండి.

6. జేబులోని కాగితం తీయండి. సిబ్బంది చెప్పినదానితో సరిపోతే పిల్లల ముఖాలు చూడండి. అరసెకను తేడా వస్తే అది మీ వేలిదే.

7. తిరిగి వచ్చేటప్పుడు పల్లె దాటాక ఎక్కడైనా ఖాళీ చోట ఆపి వెనక్కి చూడండి. అడ్డం లేకపోతే దీపం ఇంకా పలకరిస్తుంటుంది. 25 మీటర్ల ఎత్తున్న దీపం, ఒడ్డున నిలబడ్డ మనిషికి చదునైన సముద్రం మీదుగా దాదాపు 22 కిలోమీటర్ల దాకా కనిపించే వీలుంది. స్తంభం దిగంతం 18, మనిషిది నాలుగున్నర కలిపితే వచ్చేది అదే. నేల మీద చెట్లు, ఇళ్లు దాన్ని తగ్గిస్తాయి.

మంచు పట్టిన సాయంత్రమైతే నిరాశపడకండి. దూరం తగ్గినా, ఆ తేమలో వెలుగు చార స్పష్టంగా కనబడుతుంది.

## 9. ఫొటోలకు రెండే సూత్రాలు

మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, భూమి మీద అస్తమిస్తాడు. పొద్దున్న కళింగపట్నంలో స్తంభం సముద్రం వైపు ముఖం వెలిగి ఉంటుంది కాబట్టి ఇసుక మీది నుంచి ఊరి వైపు తిరిగి తీయండి. మధ్యాహ్నం చింతపల్లిలో ఊరి వైపు నుంచి సముద్రాన్ని వెనక పెట్టి తీయండి. నీలం కూడా అప్పుడే నిండుగా వస్తుంది. సముద్రంలో సూర్యాస్తమయం కోసం ఎదురుచూడటం ఇక్కడ పనికిరాదు.

రాత్రి ఫొటోకు ఫోన్‌ను రాయికో, నీళ్ల సీసాకో ఆనించి నైట్ మోడ్‌లో తీయండి. షట్టరు తెరిచి ఉండే సమయం ఒక పూర్తి మెరుపుల వరస కన్నా తక్కువైతే దీపం ఆరిపోయినట్టు పడే ప్రమాదముంది. ఫ్లాష్ వాడకండి.

## 10. పొరపాట్లు, వాటికి మందు

కళింగపట్నంలో గేటు మూసి ఉంది. గొడవ పడొద్దు, అక్కడే కాసుకుని కూర్చోవద్దు. బయటి నుంచి చూసి, బీచ్‌లో గంట గడిపి, చింతపల్లిలో ఎక్కండి. రెండూ మూసి ఉన్నా దీపం ఎలాగూ వెలుగుతుంది.

శ్రీకాకుళంలో భోజనం ఆలస్యమైంది. మూడు దాటితే ఎక్కడం వదులుకోండి, దీపం వేళకు చేరండి. ఎక్కడానికి మళ్లీ ఇంకో రోజు ఇంకో లైట్‌హౌస్ దొరుకుతుంది.

పిల్లాడు నిచ్చెన మధ్యలో భయపడ్డాడు. పైకి లాగకండి. ఒక పెద్దవాళ్లు కింద మెట్టు మీద నిలబడి, ఒక్కో కాలూ చెయ్యి పెట్టి దించండి. "కిందికి చూడకు" అని అరిస్తే వెంటనే కిందికే చూస్తాడు. "నా చెయ్యి ఎక్కడుందో చూడు" అనండి.

కారు ఇసుకలో దిగబడింది. యాక్సిలరేటర్ తొక్కకండి, ఇంకా లోతుకు పోతుంది. టైర్ల వెనక ఇసుక చేత్తో తీసి, కారులోని మ్యాట్లు వేసి, మెల్లగా రివర్స్ చేయండి. సాయం చేసిన కుర్రాళ్లకు టీ డబ్బులిచ్చి రండి.

వాన మొదలైంది, మెరుపులు వస్తున్నాయి. వరండా మీద, బీచ్ మీద నిలబడొద్దు. కారులోకి వెళ్లండి.

నాలుగోది కూడా చూసేద్దామని ఎవరో అన్నారు. వద్దని గట్టిగా చెప్పండి.

## 11. కారు లేనివాళ్లకు

విశాఖ రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలికి 900కె నంబరు ఆర్టీసీ బస్సు ఉంది. భీమిలికి రావడం దానితో సులువు. కళింగపట్నానికి శ్రీకాకుళం నుంచి బస్సులున్నాయి. చింతపల్లికి చీకటి పడ్డాక బస్సును నమ్ముకోలేరు.

అందుకని బస్సువాళ్లు రెండు లైట్‌హౌస్‌లకే పరిమితం కండి. పొద్దున్న భీమిలి, మధ్యాహ్నం చింతపల్లి. తగరపువలస నుంచి రానూపోనూ ఆటో మాట్లాడుకోండి. బేరం ఆడేటప్పుడు "రాత్రి ఏడు దాకా అక్కడే ఆగాలి" అన్నది మొదటే చెప్పండి. సాయంత్రం ఐదుకు బేరమాడి, ఆరుకు ఇంకో గంట ఆగమంటే ఎవరికైనా కోపం వస్తుంది. ఆటో హెడ్‌లైటు వెలుగుతుందో లేదో ఎక్కేముందు చూసుకోండి.